ఏ గంపలో

నా పని చేతుల్లో ఉంటుంది.
కత్తిరించిన ఉన్ని చెక్కబల్ల మీద పరిచినప్పుడు
అంచులు తెంపి, పెంట అంటిన ముక్కలు విడదీసి,
ఒక పాయ లాగి చూసి చెప్పాలి:
ఇది మేలురకం, ఇది నడిరకం, ఇది పొట్ట ఉన్ని.
మానియోటోటో మైదానంలో పందొమ్మిదేళ్ళుగా ఇదే చెబుతున్నాను.
తప్పలేదని అనను.
ఒకే గొర్రె ఉన్నిని పొద్దున ఒక గంపలో వేసి
టీ తాగొచ్చాక ఇంకో గంపలో వేసేదాన్నేమో.
విరేము చూస్తే నవ్వుతాడు,
చూడకపోతే ఎవరికీ తెలీదు.

మా తమ్ముడు డూగల్‌ని మొదట డనీడిన్ తీసుకెళ్ళాం.
కంచె తీగల్లోంచి ఎవరో
తన పేరు అక్షరం అక్షరం చదువుతున్నారన్నాడు,
ఒక అక్షరం మాత్రం ప్రతిసారీ తప్పు.
డాక్టర్ ఫెర్నీహో అడిగింది: ఎన్నాళ్ళుగా?
అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది.
కుక్కపిల్లలు పుట్టిన రోజు నుంచి, అంటే
ఐదు నెలల ఇరవై ఎనిమిది రోజులు.
ఆరు నెలలు నిండితే ఒక పేరట,
నిండకపోతే ఇంకో పేరట.
శుక్రవారం రండి అన్నట్టు చూసింది.
అనలేదు, పాపం, మంచి మనిషి.
ఆ రెండు రోజులూ మోటెల్ గదిలో
ఒక జబ్బు మరో జబ్బుగా మారడానికి ఎదురుచూశాం.
కెటిల్ మరిగింది. వాడు మాకందరికీ టీ పోశాడు.

తర్వాత ఇన్వర్‌కార్గిల్.
డాక్టర్ తౌలాంగా పాత కాగితాలు పక్కన పెట్టి
మళ్ళీ మొదట్నుంచీ విన్నాడు.
వసంతంలో వీడు రాత్రంతా కంచె వేసిన సంగతి
(నాలుగు కిలోమీటర్లు, ఎవరిదో పొలంలో)
విని, బైపోలార్ అన్నాడు.
గంజాయి సంగతి తెలిశాక, ఆగి చూద్దాం అన్నాడు.
మూడో ఏడు ఇంకొకావిడ
ఆ రెండిటికీ మధ్య ఒక పేరు పెట్టింది,
వార్డులు రెండూ నిండితే నడవలో వేసిన మంచంలా.
నాలుగో ఏడు స్కిజోఫ్రీనియా.
అదే తమ్ముడు. అవే ఎర్ర చెవులు.

రక్తం తీసి చెప్పలేరా, అడిగాను. స్కాన్‌లో కనబడదా?
తౌలాంగా దాచలేదు.
"వేరే జబ్బు లేదని తేల్చుకోడానికే అవన్నీ.
మీరు చెప్పేది, తను చెప్పేది, నేను చూసేది,
అంతే మా దగ్గర ఉన్నది."
నాకు కోపం రావాలి.
నా చేతులు చూసుకున్నాను.
గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలేరే పని
ఇద్దరిదీ.

పేరు వద్దనలేను.
మందుకి కావాలి, భత్యం ఫారానికి కావాలి,
గడి ఖాళీగా ఉంటే కిటికీలో ఆవిడ వెనక్కి తోసేస్తుంది.
అసలు పేరు లేనప్పుడు
పబ్బులో వాళ్ళు పెట్టిన పేర్లు ఇంకా ఘోరం.
అయినా, పేరు వచ్చిన రోజు
అత్త మొయిరా మాట్లాడుతూ మాట్లాడుతూ
బల్ల మీది కత్తెర తీసి సొరుగులో పెట్టింది.
ముందురోజే ఆ కత్తెరతో వీడు
ఆవిడ గులాబీ కొమ్మలు సరిచేసి వచ్చాడు.

ఈ నవంబరులో షెడ్డుకి వచ్చాడు. ఊడ్చే పని.
మాత్రల వల్ల చేతులు వణుకుతాయి,
చీపురు పట్టుకుంటే అంత తెలీదు.
నేను ఒక పాయ తీసి, రెండు కొసలూ బిగపట్టి,
చెవి దగ్గర పెట్టి మీటాను.
గట్టి పాయ తీగలా మోగుతుంది.
గొర్రె ఏ నెలలోనైనా జబ్బు పడి ఉంటే, ఆకలి పడి ఉంటే
సరిగ్గా ఆ నెల దగ్గర చిట్లుతుంది.

తలెత్తితే డూగల్ నన్నే చూస్తున్నాడు.
"నీకేం వినబడుతోంది?"
నాలుగేళ్ళుగా వాణ్ణి అందరూ అడిగిన గొంతుతో,
అంతే మెల్లగా.
"జూన్" అన్నాను. "జూన్‌లో ఏదో అయింది దీనికి."
చీపురు గోడకి ఆనించి వచ్చాడు.
పాయ అందుకుని తన చెవి దగ్గర పెట్టుకున్నాడు,
చాలాసేపు.
"మంచు ఎక్కువ పడింది జూన్‌లో," అన్నాడు.

ఉన్ని ఇంకా బల్ల మీదే ఉంది.
విరేము తర్వాతది తెచ్చి, చేతుల నిండా పట్టుకుని
నిలబడ్డాడు.